తువ్వాల తిరుపతయ్య హాలు బేరం

తువ్వాల తిరుపతయ్య పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఏ ధరనూ నోటితో చెప్పలేదు. వేళ్లతోనే చెప్పాడు. అదీ తువ్వాల కప్పి.

మా పెబ్బేరు పశువుల సంతలో అది పాత పద్ధతే. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, పైన తువ్వాల పడుతుంది. లోపల ఒకడు ఇంకొకడి వేళ్లు పట్టుకుంటాడు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. నచ్చకపోతే విదిలిస్తారు, నచ్చితే గట్టిగా నొక్కుతారు. పిడికిలి మూస్తే ఏమీ లేదని అర్థం. చుట్టూ సంతంతా నిలబడి చూస్తున్నా ఒక్కడికీ ఒక్క ముక్క తెలియదు. ఎద్దుకు కూడా తెలియదు. ఒకసారి ఒక మైసూరు కోడె తన ధరెంతో చూద్దామని తువ్వాల కిందికి తల దూర్చింది. తెలిశాక అలిగి ఆ రోజంతా మేత ముట్టలేదు.

నేను నమ్మదగినవాణ్ణే. చిన్నప్పుడు గద్వాలలో సిస్టర్ల బడిలో చదువుకున్నాను. అబద్ధమాడితే అక్కడ మోకాళ్ల మీద నిలబెట్టేవాళ్లు. అందుకే నేను ఏం చెప్పినా కుర్చీలో హాయిగా కూర్చునే చెబుతాను.

తిరుపతయ్య ఆ సంతలో దళారి. మిగిలిన దళారులు సంత దాటగానే తువ్వాల దులిపి భుజాన వేసుకుని మామూలు మనుషులైపోతారు. తిరుపతయ్య కాలేకపోయాడు. బెండకాయలు కొన్నా తువ్వాలే, చెప్పులు కుట్టించుకున్నా తువ్వాలే. ఒకసారి కొత్తకోట బస్సెక్కాడు. కండక్టరు టికెట్టు అడిగాడో లేదో, ఆయన చెయ్యి అందుకుని తువ్వాల కప్పేశాడు.

"ఏంది తాతా, చెయ్యి గుంజుతున్నవ్?"

"నువ్వు ఉండు. నేను చెప్త."

"ఇది సర్కారు టికెటు. బేరముండదు."

"ఏం, సర్కారుకు వేళ్లు లేవా?"

బస్సంతా నవ్వింది. కండక్టరు గింజుకుని గింజుకుని, చివరికి టికెట్ల మిషన్నే తువ్వాల కిందికి పెట్టాడు. మిషను కుర్రుమని టికెట్టు కక్కింది. తిరుపతయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "జర ఎక్కువే అడిగింది. పోనీ, కొత్త బేరం" అని జేబులో పెట్టుకున్నాడు.

దవాఖానలో ఇంకో కథ. డాక్టరమ్మ నాడి చూద్దామని చెయ్యి పట్టుకుంది. బేరానికే పట్టుకుందనుకుని ఈయన తువ్వాల కప్పాడు. జ్వరం ఎన్ని రోజుల నుంచి అంటే ఆమె వేళ్లు పట్టుకుని చెప్పాడు. వయసెంత అని అడిగింది. ఆమె వేళ్లు చాలలేదు. కాంపౌండరు చెయ్యిని కూడా లోపలికి రమ్మన్నారు. ఇంకాస్త ఉంటే బయట బెంచీ మీదున్న రోగులను కూడా పిలిచేవారు.

కిరాణా కొట్లల్లోకి స్కానర్లు వచ్చిన కొత్తలో తిరుపతయ్య ఫోనునూ స్కానర్నూ కలిపి తువ్వాల కప్పి, డబ్బులు పోవడం కోసం చాలాసేపు ఎదురుచూశాడు. పోలేదు. "దీనికి సిగ్గెక్కువ" అన్నాడు.

ఆయన తువ్వాలకు లొంగని మనిషి ఒక్కతే, భార్య ఎంకమ్మ. "పెండ్లిచూపులల్ల నా చెయ్యి పట్టబోయిండు. తువ్వాల గుంజి బాయిల ఏసిన. అప్పటిసంది ఇంట్ల నేను చెప్పిందే ధర" అని ఆమె ఇప్పటికీ చెబుతుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా తిరుపతయ్య దూరంగా ఉన్న గోడను శ్రద్ధగా చూస్తాడు.

ఇలాంటి మనిషిని మా కాలనీవాళ్లు కమ్యూనిటీ హాలుకు అధ్యక్షుణ్ణి చేశారు. హాలు మాది. స్థలం ఒక రైతు ఇచ్చాడు, రాళ్లు ఒకరు మోశారు, రేకులు ఒకరు వేశారు. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, క్రిస్మస్ భోజనాలు అన్నీ అందులోనే. హైవే పక్కన పెద్ద పెద్ద ఫంక్షన్ హాళ్లున్నాయి గానీ, వాటి ముందు నుంచి నడిచిపోవడానికే మావాళ్లు భయపడతారు, నడిచినందుకు కూడా కిరాయి అడుగుతారేమోనని.

మా హాలు కావలసినవాళ్లు తిరుపతయ్య ముందు కూర్చుని చెయ్యి చాపాలి. పైన తువ్వాల పడేది. లోపల ఏం జరిగేదో గానీ బయట మాత్రం కురుక్షేత్రమే. తిరుపతయ్య కళ్లు తేలేసేవాడు. "అమ్మమ్మమ్మ" అని మూలిగేవాడు. చెమటలు పట్టేవి. లేచి వెళ్లిపోబోయి మళ్లీ కూర్చునేవాడు. ఆఖరుకు తువ్వాల తీసి ముఖం తుడుచుకుని, "తీస్కపో. నన్ను నిలువున ముంచినవ్" అనేవాడు. అవతలివాళ్లు మాత్రం పాలు తాగిన పిల్లిలా నవ్వుకుంటూ బయటికి వచ్చేవాళ్లు. ఎంతకు తెగిందని అడిగితే ఒక్కరూ చెప్పేవాళ్లు కాదు. ఒకరోజు నేను తువ్వాల అంచు పట్టుకుంటానని సాయం పోయి, కొంచెం పైకి లేపి చూడబోయాను. మొట్టికాయ పడింది. నాకు అప్పటికే బట్టతల. ఆ చప్పుడు వనపర్తి దాకా వినిపించింది.

ఇట్లా నడుస్తుండగా పోయినేడు ఎండాకాలం ముందు హైదరాబాదు నుంచి ఒక కంపెనీ దిగింది. పేరు జిగేల్ జోన్. మేనేజరు క్రాంతి కుమార్ అని ఒక కుర్రాడు, చేతిలో ల్యాప్‌టాప్, ముఖాన చెదరని చిరునవ్వు. మా హాలును కిరాయికి తీసుకుని అందులో ఆటల లోకం పెడతానన్నాడు. హాలు గోడ మీద వీడియో వేసి చూపించాడు. గాలి నింపిన పెద్ద కోట, అందులో పడి లేస్తున్న పిల్లలు. రంగుల బంతుల మడుగు. కళ్లకు గంతలాంటిది కట్టుకుంటే చంద్రుడి మీద నడిచినట్టు ఉండే ఆట. అద్దాల పెట్టెలోంచి బొమ్మలను గోళ్లతో పీకే యంత్రం.

కాలనీ కాలనీ ఊగిపోయింది. పిల్లలు ఆ రాత్రి మంచాల మీద ఎగిరి మంచాలు విరగ్గొట్టారు. తొంభై దాటిన మా పక్కింటి ముసలమ్మ చంద్రుడి మీదికి చెప్పులతో పోవచ్చా అని అడిగింది. నేను కూడా, ఎందుకు దాచాలి, పెరట్లో ఎవరూ చూడకుండా ఎగరడం సాధన చేశాను. కూరగాయలమ్మే సుగుణమ్మ అయితే మేనేజరును నడిబజారులోనే పట్టుకుంది.

"సారూ, ఎగరనీకి వయసు అడుగుతరా?"

"లేదమ్మా, అందరూ ఎగరొచ్చు."

"నాకు మోకాళ్లు నొస్తయి."

"కింద మెత్తగా ఉంటుందమ్మా. గాలి మీద నిలబడ్డట్టే."

"గట్లయితే నా పేరు ముందుగాల రాస్కో. ఈ రేఖ అత్త కన్న ముందు రాయాలె."

అందరికన్నా హుషారు దినేష్‌ది. ఆటో నడుపుతాడు, యూత్ సంఘానికి నాయకుడు. ఇంకా ఏదీ ఖాయం కాకముందే ఆటో వెనక 'జిగేల్ జోన్‌కు దారి ఇటు' అని రాయించాడు. బాణం గుర్తు కూడా వేయించాడు. ఆటో ఎటు తిరిగితే బాణం అటు చూపించేది. ఇద్దరు ముగ్గురు దాన్ని నమ్మి గద్వాల దాకా పోయి వచ్చారు.

మొదటి బేరం రోజు హాలంతా జనమే. తిరుపతయ్య మేనేజరు ముందు కూర్చుని చెయ్యి చాపాడు. పాపం ఆ కుర్రాడు కరచాలనం అనుకుని చెయ్యిచ్చాడు. తువ్వాల పడింది. తిరుపతయ్య వేలు పట్టుకోగానే క్రాంతి కుమార్ కిసుక్కున నవ్వి మెలికలు తిరిగిపోయాడు. కితకితలు.

"సార్... సార్... ప్లీజ్... మెయిల్ పెట్టండి సార్..."

"మెయిలుకు వేళ్లుంటయా?"

"నేను చూపిస్తాను సార్, అన్నీ రెడీగా ఉన్నాయి" అని ఎట్లాగో చెయ్యి విడిపించుకుని, గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో కిరాయి అంకె వేయబోయాడు. 'నెల కిరాయి' అన్న మాట వరకే మేము చదవగలిగాం. తిరుపతయ్య ఒక్క గంతు వేసి ప్రొజెక్టరు మీద తువ్వాల కప్పేశాడు. గోడ నల్లబడింది.

"పదిమంది ముందర ధర జెప్తే గది బేరమా, దండోరానా?" అన్నాడు, రొప్పుతూ.

జనం విరగబడి నవ్వారు. కానీ ఆ తర్వాత మేనేజరు నోటితో చెప్పిన షరతుకు తిరుపతయ్య నవ్వలేదు. హాలు మొత్తం కావాలి. వచ్చే నెల నుంచే కావాలి. అన్ని రోజులూ వాళ్లదే. పెళ్లిళ్లూ పేరంటాలూ ఉండవు.

"అట్ల కుదరదు. వచ్చే నెల పెద్దన్న బిడ్డ పెండ్లి ఉన్నది. హాలు ఇస్తనని మాటిచ్చిన."

పెద్దన్న మా కాలనీవాడే. పూణెలో కట్టుబడి పనికి పోయి, ఏడాదికి ఒకసారి వస్తుంటాడు. కూతురు హెప్సిబా నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సు. గద్వాల అబ్బాయి చైతన్యతో పెళ్లి. చర్చిలో ప్రార్థన, తర్వాత హాలులో భోజనాలు. కార్డుల మీద హాలు పేరు వేయించి పంచడం కూడా అయిపోయింది. ఈ హాలు లేకపోతే ఆ పెళ్లివిందు రోడ్డు మీదే.

దినేష్ ముందుకొచ్చాడు. "తాతా, ఒక్క పెండ్లి కోసం ఊరంతటి సంబురం ఆపుతవా? పెద్దన్న ఎంతిస్తుండో చెప్పు. కంపెనీ దానికి ఎక్కువిస్తది."

"తువ్వాల కిందిది చెప్ప."

"పోనీ, ఇన్నేండ్లు ఎవరి దగ్గర ఎంత తీస్కున్నవో చెప్పు."

"చెప్ప."

"అంటే ఏదో ఉన్నది" అన్నాడు దినేష్ జనం వైపు తిరిగి. "ఆదివారం మీటింగు పెడదాం. తాత నోరు ఇప్పితే సరి. ఇప్పకపోతే తాళాలు మనకిచ్చి దిగిపోవాలె. హాలు జిగేల్ జోన్‌కు పోతది."

ఆ వారమంతా ఊరికి నిద్ర లేదు. టీ కొట్టు దగ్గర తిరుపతయ్య పెంకుటింటికి కింద ఒక అంతస్తు ఉందన్నారు. మరునాటికి అది బంగారు అంతస్తు అయింది. మూడో నాటికి దానికి లిఫ్టు కూడా వచ్చింది. లిఫ్టు మాత్రం నా చేర్పే, ఒప్పుకుంటాను. ఎంకమ్మ ఆ మాట విని, "లిఫ్టు ఉంటే జర చూపియ్యుండ్రి, బియ్యం బస్తా ఎక్కియ్యాలె" అంది.

నాకు మనసాగక శనివారం సాయంత్రం వెళ్లి అడిగాను. "బావా, చెప్తే ఏం పోతుంది?"

"నాదేం పోదు బావా. వాళ్లది పోతది."

"ఎవరిది?"

తువ్వాల నా తల మీద వేసి లోపలికి పోయాడు. నేను దాన్ని తీసేసరికి తలుపు మూసి ఉంది.

ఆదివారం ప్రార్థనలు అయ్యాక హాలు కిక్కిరిసింది. మేనేజరు ఒక మూల నిలబడ్డాడు, కితకితల భయంతో రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని. పెద్దన్న ముందు రోజే పూణె నుంచి దిగాడు. కూతురితో కలిసి వెనక గోడకు ఆనుకుని ఉన్నాడు. ఇద్దరూ ఎవరి వైపూ చూడడం లేదు.

"చెప్పు తాతా. ఎవరి దగ్గర ఎంత?" అన్నాడు దినేష్.

తిరుపతయ్య లేచాడు. మొలకు కట్టిన తాళాల గుత్తి విప్పి బల్ల మీద పెట్టాడు. "నా కుర్సీ తీస్కో. పెద్దన్న బిడ్డ పెండ్లి మాత్రం అయిపోనియ్యి, నీకు దండం పెడ్త. ధరలు మాత్రం అడగకు. అవి నాయి గావు చెప్పనీకి."

దినేష్ తాళాల కోసం చెయ్యి చాపాడు.

"ఏయ్, ఆగు!" అంది సుగుణమ్మ, కూర్చున్నచోటి నుంచే. "ఆయన చెప్పకపోతే నేను చెప్త. నా ధర నాది. దాచనీకి నేనేం దొంగతనం చేసిన్నా? నా మనుమరాలి ఓణీల ఫంక్షన్‌కు ఈయన నాతోని పొద్దంత బేరమాడిండు. ఐదు వేళ్లు పట్టిండు. నేను విదిలిచ్చిన. నాలుగు పట్టిండు. విదిలిచ్చిన. ఏడ్చిండు, మొత్తుకున్నడు. ఒక్కటి పట్టిండు. అది గూడ విదిలిచ్చి పిడికిలి మూసిన! గవ్వ ఇయ్యకుండ హాలు తీస్కున్న!" గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఈ ఊర్ల తువ్వాల తిరుపతయ్యను ఓడగొట్టింది నేనొక్కదాన్నే."

"నువ్వొక్కదానివేంది?" రేఖ అత్త లేచింది. "మా కోడలు రేఖ పెండ్లికి నేను పిడికిలి మూయలే? నన్ను నిలువున ముంచినవ్ వదినా అన్నడు!"

"నీతోని గూడ ముంచినవ్ అన్నడా?" అంది సుగుణమ్మ.

"నాకైతే కన్నీళ్లు పెట్టిండు" అన్నాడు గొర్రెల కాపరి కురుమయ్య. "నాకే పాపమనిపిచ్చి ఇంటికి వోయినంక అన్నం తినలే. అయినా పిడికిలి విప్పలే."

ఇక చూడాలి. మేమంటే మేమని లేచారు. నేను ఓడించానంటే నేను ఓడించాను. ఎవరి బేరం ఎంత గొప్పదో అరుపులు, వేళ్లతో అభినయాలు. ఇన్నేళ్లు గుట్టుగా దాచుకున్న విజయాలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఒకామె పట్టుకొమ్మని నా వేళ్లే లాక్కుని విదిలించి చూపించింది. రెండు రోజులు నొప్పి.

ఆ గోలలో దినేష్ వాళ్ల అమ్మ కొడుకు చొక్కా పట్టుకుని గుంజింది. "కూసోరా. నీ మొదటి పుట్టిన్రోజు గీ హాల్లనే చేసిన. నేను గూడ గెలిచిన."

దినేష్ కూర్చున్నాడు. కుర్చీ లేకపోయినా కూర్చున్నాడు.

మెల్లగా గోల తగ్గింది. అందరూ గెలిచారన్న సంగతి ఒక్కొక్కరి ముఖంలోకి పాకుతోంది. సుగుణమ్మ తిరుపతయ్య దగ్గరికి వచ్చి నిలబడింది.

"అన్నా. అంటే నువ్వు... నన్ను గెలిపిచ్చినవా?"

తిరుపతయ్య నేల వైపు చూశాడు. "నువ్వు గెలిచినవ్ సుగుణమ్మా. మిగిలినోళ్ల సంగతి నాకు తెల్వదు."

ఆమె కొంగుతో ముక్కు చీదుకుంది. అప్పుడే ముందు వరసలోంచి పత్తి విత్తనాల వ్యాపారి జగదీశ్ లేచాడు. మనిషి బియ్యం బస్తా అంత ఉంటాడు. "ఆగుండ్రి, ఆగుండ్రి. నేను కట్టిన గదా? నిండుగ ఐదు వేళ్లు, రెండు చేతులు! అయినా తగ్గిచ్చిననుకొని ఇన్నేండ్లు మీసం తిప్పిన. మరి నేనొక్కణ్నే కట్టిన్నా?"

"నువ్వు గట్టిగ బేరమాడలే సేటూ" అన్నాడు తిరుపతయ్య.

పైకప్పు రేకులు లేచిపోయేట్టు నవ్వారు. జగదీశ్ ఎర్రబడ్డాడు, తర్వాత చుట్టూ చూశాడు. ఫ్యాన్లను చూశాడు, లైట్లను చూశాడు, కుర్చీలను చూశాడు. "అంటే ఇవన్ని నా పైసలేనా?"

"నీయే."

అంతే, ఆయన ఛాతీ రెండింతలైంది. పక్కవాడు కుర్చీలో వెనక్కి వాలితే, "జర మెల్లగ. నా కుర్సీ అది" అన్నాడు.

"పెద్దన్నా, మరి నీ బేరం?" అని ఎవరో అడిగారు.

పెద్దన్న గోడ వదిలి ముందుకొచ్చాడు. "నాది తెగలే. తారీకు ఖాయం చేసిండు గానీ ధర ఖాయం చేస్తలేడు. మామ నా పిడికిలి మూస్తుండు. నేను విప్పుతున్న. పూణెల చెమటోడ్చి తెచ్చిన పైసలు, నా బిడ్డ పెండ్లి, ఉత్తగ ఎందుకు చేస్త? మల్ల మూస్తుండు. మల్ల విప్పుతున్న. పోయినసారి వచ్చినప్పటిసంది గిదే పంచాది."

కొనేవాడు ధర పెంచడం, అమ్మేవాడు తగ్గించడం పెబ్బేరు సంత చరిత్రలో అదే మొదలు.

దినేష్ లేచి తాళాల గుత్తి తీసుకున్నాడు. అతను వంగి దాన్ని తిరుపతయ్య మొలకు తనే కట్టాడు. ముడి సరిగా పడక రెండుసార్లు కట్టాడు.

మూలనున్న క్రాంతి కుమార్ ల్యాప్‌టాప్ సర్దుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి పిల్లల ముఖాలు వాడిపోయాయి. గాలి కోట, బంతుల మడుగు, చంద్రుడు అన్నీ సంచిలోకి పోతున్నాయి. నా సాధన అంతా వృథా.

"ఓ సారూ" అన్నాడు తిరుపతయ్య. "ఏడికి? పెబ్బేరుకు వచ్చి బేరం జేయకుండ పోతవా? ఇట్ల రా. ముందుగాల ఒక మాట నోటితోని చెప్త, అందరు ఇనుండ్రి. పెండ్లిళ్ల రోజులల్ల, ఫంక్షన్ల రోజులల్ల, పండుగలల్ల హాలు మావోళ్లది. మిగిలిన రోజులన్ని నీయి. నీ గాలి కోట ముడుసుకుంటదా?"

"గాలి తీసి చుట్టేస్తే ఒక మూలకు సరిపోతుంది సార్. బంతులు అటక మీద పెట్టుకోవచ్చు. కానీ రోజులు తగ్గితే కిరాయి..."

"కిరాయి ముచ్చట నోటితోని వద్దు."

క్రాంతి కుమార్ ఒకసారి పిల్లలను చూశాడు. జేబులోంచి చెయ్యి తీశాడు. పళ్లు బిగించి చాపాడు. తువ్వాల పడింది.

నేను ఎన్నో బేరాలు చూశాను గానీ అలాంటిది చూడలేదు. కుర్రాడు మొదట మెలికలు తిరిగాడు, తర్వాత కనుబొమ్మలు ముడిచాడు, తర్వాత తనే వేళ్లు విదిలించడం మొదలుపెట్టాడు. తిరుపతయ్య కళ్లు తేలేశాడు. "అమ్మమ్మమ్మ" అన్నాడు. క్రాంతి కుమార్ కూడా "అమ్మమ్మమ్మ" అన్నాడు! జనం ఈలలు వేశారు. ఆఖరుకు తువ్వాల లేచింది. ఇద్దరి చొక్కాలూ తడిసి ముద్దయ్యాయి.

"తీస్కపో" అన్నాడు తిరుపతయ్య ముఖం తుడుచుకుంటూ. "నన్ను నిలువున ముంచినవ్."

పిల్లల కేకకు హైవే మీద లారీలు ఆగాయి. మేనేజరు నన్ను పక్కకు పిలిచి చెవిలో చెప్పాడు. "తాతగారూ, ఎవరితోనూ అనకండి. ఆయన్ను ఓడించింది నేనొక్కణ్నే." నేను ఎంతో గంభీరంగా తల ఊపాను.

హెప్సిబా పెళ్లి అనుకున్న రోజే, అనుకున్న హాలులోనే జరిగింది. బంతులు అటకెక్కాయి, యంత్రాలు మూలకు చేరాయి. గాలి కోటను మాత్రం క్రాంతి కుమార్ తన తరఫున కానుకగా వాకిట్లో నిలబెట్టించాడు. పట్టుచీరల పిన్నమ్మలూ, సూట్లు వేసుకున్న గద్వాల మగపెళ్లివాళ్లూ దానిమీద పడి లేస్తున్నారు. సుగుణమ్మ మోకాళ్ల సంగతి మరిచిపోయి రేఖ అత్తతో పందెం వేసింది. నేను కూడా ఎగిరాను. ఆ ఎత్తు నుంచి జూరాల డ్యాము నీళ్లు కనిపించాయి.

భోజనాల వేళకు పెళ్లికూతురి తండ్రి కనిపించలేదు. వెతికితే వంటశాల వెనక ఉన్నాడు, తిరుపతయ్యతో, తువ్వాల కింద.

"మామా, ఇయ్యాల తెంపాలె."

"తెంపుదాం. పిడికిలి మూయి."

"మూయ."

"మూయి అంటున్న!"

ఫోటోలకు పిలిచారు, రాలేదు. పాస్టరయ్య పిలిచాడు, రాలేదు. మాంసం చల్లారుతోందని వంటవాళ్లు మొత్తుకున్నారు. చివరికి పెళ్లికూతురే తెల్లచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వేదిక దిగి వచ్చింది.

"నాయినా, తాతా, ఇగ చాలు. ఇద్దరు ఆ గాలి కోట ఎక్కుండ్రి. ఎగురుతనే ఉండాలె. ఎవరు ముందుగాల దిగితే ఆయన ఓడినట్టు. ఓడినోడు అవతలోడి మాట ఇనాలె."

పెళ్లికూతురి మాట. కాదనడానికి లేదు. కొత్త పంచె కట్టుకున్న తిరుపతయ్య, బిగుతు ప్యాంటు వేసుకున్న పెద్దన్న కోట ఎక్కారు. ఎగరడం మొదలుపెట్టారు. గాలిలో ఉండగానే ఒకాయన వేలు చూపిస్తాడు, ఇంకొకాయన పిడికిలి చూపిస్తాడు. కిందికి వస్తారు, మళ్లీ లేస్తారు. వేలు, పిడికిలి, వేలు, పిడికిలి. ఊరంతా చుట్టూ చేరి చప్పట్లు. "దిగకు తాతా!" "ఇప్పు పెద్దన్నా!" జగదీశ్ రెండు వైపులా పందెం కాశాడు. ఎంకమ్మ మొగుడి వైపు చూసి, "ఇంట్ల మాత్రం నులకమంచం ఎక్కనీకే ఆయాసపడ్తడు" అంది.

ఎంతసేపటికీ ఎవరూ దిగలేదు. భోజనాలకు వేసిన విస్తరాకులు ఎండిపోతున్నాయి. ఇక లాభం లేదని క్రాంతి కుమార్ వెనక్కి వెళ్లి మోటారు ఆపేశాడు.

కోట బుస్సుమంది. గోడలు వంగాయి, గోపురాలు తలలు వాల్చాయి, నేల నడుమ పెద్ద గుంట పడింది. ఇద్దరూ జారి ఒకరి మీద ఒకరు అందులో పడ్డారు. తిరుపతయ్య భుజం మీంచి పైకి ఎగిరిన తువ్వాల మెల్లగా ఊగుతూ వచ్చి ఇద్దరినీ కప్పేసింది.

కొంచెంసేపు కదిలింది తువ్వాల. ఒకసారి ఉబ్బింది, ఒకసారి చదునైంది. తర్వాత లోపలి నుంచి గట్టిగా నవ్వులు వినిపించాయి.

ఇద్దరూ బయటికి వచ్చారు. ఇద్దరి ముఖాల మీదా పాలు తాగిన పిల్లి నవ్వే ఉంది. ఎంతకు తెగిందని నేను ఆయన్నూ అడిగాను, ఈయన్నూ అడిగాను. ఒక్కరూ చెప్పలేదు. నేను గెలిచానంటే నేను గెలిచానని మాత్రం ఇద్దరూ నాకు విడివిడిగా, చెవిలో చెప్పారు.